తెలిసీ అడిగే మనిషి

బడి వదిలేశారు. పై అంతస్తుకు పోయే మెట్ల మీద ఇద్దరాడవాళ్ళు. ముందు ఆడపడుచు, నాలుగు మెట్లు వెనకగా మరదలు. మరదలి చేతిసంచిలో బడి నుంచి వచ్చిన చీటీ ఉంది.

“పద్దెనిమిది.”

“ఏమిటే పద్దెనిమిది?”

“మెట్లు వదినా. ఇప్పటికి పద్దెనిమిది. ఇంకా ఉన్నాయి.”

“ఉండవూ మరి? మధ్యలో ఆపేస్తే పిల్లలు గోడ పట్టుకుని పాకాలి.”

“నవ్వకు వదినా. ఈ కమ్మీ చూడు, ఎలా ఊగుతోందో.”

“నువ్వలా రెండు చేతులా పట్టుకుని పీకితే ఊగక ఏం చేస్తుంది? వదిలెయ్ దాన్ని.”

“ఇంతింత పిల్లలు రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో. వెనకనుంచి ఒకళ్ళు తోస్తే చాలు. ఒక్క కాలు జారితే చాలు.”

“చాలు, చాలు. నిండు నెలలతో పడవ అంచు మీద నడిచిన దానివి. కాలు జారడం గురించి నువ్వు చెప్పాలి.”

“అది నీళ్ళు వదినా. నీళ్ళలో పడితే తేలుతాం. సిమెంటులో తేలతామా?”

“అబ్బో! ఇదొకటి కనిపెట్టావు. చీటీ తెచ్చావా?”

“తెచ్చాను.”

“చూసుకో.”

“చూసుకున్నాను. బస్సెక్కాక చూశాను, దిగాక చూశాను, గేటు దగ్గర చూశాను.”

“అయితే మూడుసార్లలో ఎప్పుడో జారి పడే ఉంటుంది.”

“అయ్యో! … ఉంది, ఉంది. ఏంటి వదినా నువ్వు, నా ప్రాణం పోయింది.”

“నీ ప్రాణం రోజుకి పదిసార్లు పోతుంది, మళ్ళీ వంట టైముకి వచ్చేస్తుంది. అది సరే, ఇప్పటికైనా తిన్నగా చెప్పు. ఎందుకు రమ్మన్నారు మనల్ని?”

“చెప్పాను కదా. సంతకానికి.”

“దేనికి సంతకం?”

“పిట్టని కింది గదికి పంపుతారట.”

“కింది గదంటే?”

“చిన్నపిల్లల గది.”

“రెండు తరగతులు వెనక్కి! తొమ్మిదేళ్ళ పిల్లని ఏడేళ్ళ వాళ్ళ మధ్య కూర్చోబెడతారా? ఆ బెంచీల్లో దాని మోకాళ్ళు గడ్డానికి తగులుతాయే!”

“కింది గది చల్లగా ఉంటుంది వదినా. మెట్లు లేవు. గేటు కూడా దగ్గర.”

“మనం పిల్లని చదువుకి పంపుతున్నామా, గేటు కాపలాకి పంపుతున్నామా? పడవ అమ్మేసి ఇక్కడ ఒంటి గదిలో పడింది దాని చదువు కోసం కాదటే? నా తమ్ముడు రేవులో మూటలు మోసేది దేనికి? నువ్వు వేళ్ళు పగిలేలా టార్పాలిన్లు కుట్టేది దేనికి?”

“నాకు తెలియదా వదినా.”

“మరి?”

“పైన అది నోరు విప్పట్లేదు. నాలుగు నెలలయింది, ఒక్క జవాబు చెప్పలేదట. అదే చెప్పింది నాతో.”

“పిట్టా? మన పిట్టా? దాని వాగుడు పడలేక నేను చెవిలో దూది పెట్టుకుని పడుకుంటుంటే!”

“ఇంట్లో వేరు వదినా. ఇక్కడ ఆ మాస్టారు…”

“ఆఁ? ఆ మాస్టారు?”

“మెల్లగా. పైకి వినపడుతుంది.”

“మెల్లగానే. ఏం చేస్తాడు?”

“ఆటపట్టిస్తాడట.”

“కొడతాడా?”

“కొట్టడు. రోజూ లేపి నిలబెట్టి, అందరి ముందూ ఆటపట్టిస్తాడట. కొడితే ఒక పూటలో తగ్గిపోతుంది. ఇది తగ్గుతుందా?”

“ఏమని ఆటపట్టిస్తాడు?”

“అడగలేదు.”

“అడగలేదా!”

“వినడానికి భయమేసింది. రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. అది చెరువులో రాయిలా నిలబడి ఉన్నట్టు, చుట్టూ పిల్లలంతా నవ్వుతున్నట్టు… అందుకే, సంతకం పెట్టేసి పోదాం. కింద ఒక పెద్దావిడ చెప్తుందట. ఎవర్నీ నిలబెట్టదట, బొమ్మలేయిస్తుందట. నువ్వేం మాట్లాడకు.”

“నేను మాట్లాడకపోతే నన్నెందుకు తీసుకొచ్చావు?”

“మెట్లకి.”

“ఓహో! అంటే నేను కమ్మీనన్నమాట.”

“కోప్పడకు వదినా.”

“కోపం లేదులే. ఆ పెద్దావిడ బొమ్మలేయిస్తుందని నీకెవరు చెప్పారు?”

“ఎవరో అన్నారు.”

“ఎవరు?”

“ముప్ఫై ఒకటి. వచ్చేశాం.”

పై గదిలో నల్లబల్ల మీద సగం చెరిపిన ఎక్కం. బల్ల వెనక పాతికేళ్ళ మాస్టారు. ఎదురుగా పిల్లల బెంచీలో వాళ్ళిద్దరూ మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు.

“బెంచీలు చిన్నవి, ఏమీ అనుకోకండమ్మా. వచ్చేటప్పుడు చినుకులేమైనా పడ్డాయా?”

“లేదు సార్. మబ్బుంది కానీ గాలి అటునుంచి తోస్తోంది. చీకటి పడేదాకా పడదు.”

“అమ్మయ్య. గొడుగు మర్చిపోయాను ఇవాళ. వీరు…?”

“మా ఆయన అక్క సార్. మా వదిన.”

“నమస్కారమండీ. పాప రాలేదా?”

“కింద కుళాయి దగ్గరుంది సార్. చెప్పులు బురదయ్యాయి, కడుక్కుంటోంది.”

“మంచిది. అయితే ముందు ఈ కాగితం నింపుదాం. పాప పేరు?”

“…”

“అమ్మా? పాప పేరు చెప్పండి.”

“…”

“పేరండీ. మీ అమ్మాయి పేరు.”

“వదినా, పద పోదాం.”

“ఉండవే.”

“ఏమైందమ్మా? సరే, పేరు తర్వాత. వయసు? తొమ్మిది అని ఉంది ఇక్కడ. తొమ్మిదేనా?”

“…”

“ఏ తరగతి? … అమ్మా, నేనేమైనా గట్టిగా మాట్లాడానా? మంచినీళ్ళు కావాలా?”

“వద్దు సార్. తాగే వచ్చాను.”

“హమ్మయ్య. వినపడుతోందన్నమాట.”

“వినపడకేం సార్.”

“మరి పాప పేరు?”

“…”

“ఏమండీ, మీ మరదలికి ఒంట్లో బాగానే ఉందా?”

“దానికి బాగానే ఉంది మాస్టారూ. అది మాట్లాడొద్దంది కాబట్టి ఇంతసేపు నోరు కట్టుకుని కూర్చున్నాను. మీరే అడిగారు కాబట్టి చెప్తున్నాను. చూడబోతే బుద్ధిమంతుడిలా ఉన్నారు. మా మరదలు ఒట్టి భయస్తురాలు. దాన్నెందుకు ఆటపట్టిస్తారు?”

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడే. నా కళ్ళ ముందే.”

“అయ్యో, నేను పేరు అడిగాను, అంతే కదండీ!”

“ఆ కాగితం మీద పేరు రాసుందా, లేదా?”

“ఉంది.”

“మీకు చదవడం వచ్చా, రాదా?”

“వచ్చు.”

“రోజూ పొద్దున్నే హాజరు పిలుస్తారా, లేదా?”

“పిలుస్తాను.”

“మరి తెలిసీ అడుగుతారేం?”

“అంటే… అది పద్ధతండీ. కాగితం నింపేటప్పుడు అడుగుతాం.”

“ఎందుకు?”

“ఎందుకంటే… అడుగుతాం. అంతే.”

“విన్నావుటే? అంతేనట.”

“వదినా, ఊరుకో. సార్, దాని మాటకేం అనుకోకండి. మీరు పెద్ద చదువులు చదివారు. మా పడవ మీద అలా అడిగితే మనిషిని చులకన చేసినట్టు. అందుకని నాకు నోరు రాలేదు.”

“పడవ మీదా?”

“రెండేళ్ళ కిందటిదాకా పడవ మీదే ఉన్నాం సార్. అక్కడే పండుకోవడం, అక్కడే వండుకోవడం. పిట్ట కూడా అక్కడే పుట్టింది.”

“పిట్టంటే పాపేనా?”

“అదే సార్. ఇంట్లో అలాగే పిలుస్తాం.”

“ఇది మాత్రం వెంటనే చెప్పారు.”

“మీకు తెలియదు కదా సార్.”

“… ఆఁ. నాకు తెలియదు. చెప్పండి, చెప్పండి. పడవ మీద అడగకపోవడమేమిటి?”

“అడగకపోవడమని కాదు సార్. అడగడమంటే మాకు పని. పడవ ముందు గెడ పట్టుకుని ఒకళ్ళు నిలబడతారు. చుక్కాని వెనకుంటుంది. అక్కడున్న మనిషికి ముందు నీళ్ళు కనపడవు. ‘ఎంత లోతు?’ అని కేకేస్తాడు. ముందున్న మనిషి గెడ దించి చూసి చెప్తాడు. ఆ మాట పట్టుకుని పడవ తిరుగుతుంది.”

“ఊఁ.”

“లోతు తెలిసీ ఊరికే అడిగాడనుకోండి. పాపం ఆ మనిషి ఊరికే గెడ దించుతాడు. మళ్ళీ ఊరికే అడిగాడనుకోండి. మూడోసారి నిజంగా అడిగినా ఇతను దించడు.”

“అప్పుడు?”

“అప్పుడేముంది, ఇసుకలో దిగబడి కూర్చుంటాం. ఒకసారి అలాగే ఒకటిన్నర రోజు. అందుకని పిల్లలు కూడా తెలిసినది అడగరు సార్. పెద్దవాళ్ళు అడిగితే మరీ తప్పు. మా మామగారు ఒకసారి అడిగారని మా అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు.”

“ఏమడిగారు?”

“మా అమ్మానాన్నల సంగతి నేను చెప్తాను మాస్టారూ. మా నాన్న కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ‘వంటయిందా?’ అన్నాడు.”

“అంతేనా?”

“అంతే. మూడు రోజులు కంచం పెట్టేది, మాట మాత్రం లేదు. ఆయన నాలుగో రోజు ‘తప్పయింది’ అంటే, ‘ఏది తప్పయింది?’ అంది. నిజంగా తెలియక అడిగిందో, ఆయన్ని ఆటపట్టించిందో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.”

“అయితే ఇంట్లో పాపని… చిన్నప్పుడు… ‘ఇదేం రంగు? అదెన్ని?’ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదా?”

“ఎందుకడుగుతాం సార్? మాకు కళ్ళున్నాయిగా.”

“మరి వచ్చిందో లేదో తెలిసేదెలా?”

“పక్కన నిలబడి చూస్తుంది సార్. చూసి చూసి, వచ్చిందనుకున్న రోజు గెడ తనే అందుకుంటుంది. ఆరో ఏట అందుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.”

“చెవులు కూడా మూసుకుంది మాస్టారూ.”

“ఉండండి. ఒక్క నిమిషం ఉండండమ్మా. తాళంచెవి!”

“పోయిందా సార్?”

“ఇప్పుడు కాదు. నెల కిందట. ఈ బీరువాది. జేబులు వెతుక్కుంటూ నాలో నేను ‘ఎక్కడ పెట్టానబ్బా’ అనుకున్నాను. వెనక బెంచీలోంచి ఒక గొంతు, ‘సుద్దముక్కల డబ్బాలో వేశారు సార్, గంట కొట్టినప్పుడు’ అంది. నాలుగు నెలల్లో ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు.”

“ఉందా డబ్బాలో?”

“ఉంది.”

“మరి!”

“ఇంకోసారి గడియారం ఆగిపోయింది. ‘టైమెంతయిందిరా?’ అన్నాను. ‘గోడ నీడ కుళాయి దాటింది సార్, ఇంకో పావుగంటలో వదిలేస్తారు’ అంది. సరిగ్గా పావుగంట. అంటే నాకు తెలియనివన్నీ చెప్పింది. నాకు తెలిసినవేవీ చెప్పలేదు!”

“మా ఇంటి పిల్ల కదా మాస్టారూ.”

“నేను ‘ఏడెనిమిదులెంత?’ అని లేపి నిలబెట్టినప్పుడల్లా నా మొహం చూసి చిన్నగా నవ్వేది. పొగరనుకున్నానమ్మా. మీ దగ్గర దాచడమెందుకు, నిజంగా పొగరే అనుకున్నాను.”

“పొగరు కాదు సార్. మీరు ఆటపట్టిస్తుంటే ఊరుకుంటే మీరు నొచ్చుకుంటారని నవ్వి ఉంటుంది.”

“నేను నొచ్చుకుంటాననా?”

“పెద్దవాళ్ళు పరాచికాలాడితే నవ్వాలని నేనే చెప్పాను సార్.”

“నాలుగు నెలలు! నా కోసం నవ్వుతూ నిలబడిందా నాలుగు నెలలు?”

“మా పిట్టకి ఓపికెక్కువ మాస్టారూ. నేనైతే రెండో రోజే ఎదురడిగేదాన్ని.”

“అయితే నేను ముప్ఫై ఆరుమంది పిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రందాకా…”

“ఆటపట్టిస్తున్నారు. మిగతా వాళ్ళు అలవాటు పడిపోయారు, పాపం.”

“సార్, ఒకటడుగుతాను. నిజంగా తెలియకే అడుగుతున్నాను.”

“అడగండమ్మా.”

“మీరు దాన్ని ఏడిపించాలని కాదా? నవ్వించాలని కాదా? నిజంగా ఆటపట్టించట్లేదా?”

“లేదమ్మా. ఒట్టు. బళ్ళో ఇలాగే అడుగుతారు. నా చిన్నప్పుడు నన్నూ ఇలాగే అడిగారు. నేనూ ఇలాగే అడుగుతున్నాను. ఎందుకని నన్ను నిలదీసింది మీ వదిన గారొక్కరే.”

“అయ్యో.”

“ఏమైంది?”

“ఏం లేదు సార్. అయ్యో అనిపించింది, అంతే.”

“ఏమే, మొహం అలా అయిపోయిందేం?”

“ఏం లేదన్నానా వదినా.”

“అయితే ఇంకేం, ఈ కాగితం చింపేద్దాం.”

“వద్దొద్దు సార్! ఆఫీసులో పెద్ద మేడమ్ గారు ఏమనుకుంటారో! ఆవిడకి చెప్పకుండా చింపితే మీ మీదకొస్తుంది. కాగితం ఆఫీసుది. ఆఫీసు కాగితం చింపితే కేసవుతుందేమో కూడా.”

“కేసా! అంతదూరం పోదమ్మా. ఈ కాగితం వచ్చిన రోజే నేను మేడమ్ గారి దగ్గరకి వెళ్ళాను. ‘ఈ పిల్లని పంపకండి, దీనికేదో వచ్చు, ఏమిటో నాకే అంతు చిక్కట్లేదు’ అన్నాను. ‘పాఠంలోది ఒక్క జవాబు చెప్పించు, నీ గదిలోనే ఉంచుకో. శుక్రవారందాకా చూస్తాను’ అన్నారు.”

“ఇవాళే కదా మాస్టారూ శుక్రవారం?”

“ఇవాళే. అయిదింటికి ఆవిడ ఆఫీసు తాళం వేస్తారు. ఈలోగా సంతకమైనా వెళ్ళాలి, జవాబైనా వెళ్ళాలి. పాపని పిలవండి.”

“పిట్టా! ఏయ్ పిట్టా! పైకి రా!”

“వదినా, అలా కేకేస్తే పరిగెత్తుకుంటూ వస్తుంది! మెట్లు! పిట్టా, మెల్లగా! ఒక్కొక్కటే ఎక్కు! కమ్మీ పట్టుకోకు!”

“పట్టుకోమనాలి కదే.”

“ఊగుతోంది కదా వదినా. పిట్టా, పట్టుకో, కానీ గట్టిగా పట్టుకోకు!”

తడి చెప్పులు చేతిలో పట్టుకుని పిట్ట గుమ్మంలో నిలబడింది.

“రా అమ్మా. ఇలా రా. ఏడెనిమిదులెంత?”

“…”

“నవ్వుతోంది మాస్టారూ.”

“కనపడుతోందండీ. సరే, ఇంకోలా. అబ్బా, ఏడో ఎక్కం మర్చిపోయినట్టున్నానే! ఏడెనిమిదులు… యాభై… యాభై ఎంతబ్బా?”

“…”

“పిట్టా, సార్ మర్చిపోయారటే. చెప్పు, పాపం.”

“మర్చిపోలేదత్తా. సార్ చెవులు ఎర్రబడ్డాయి.”

“నా చెవులా?”

“ఎర్రగానే ఉన్నాయి మాస్టారూ. మీకు అబద్ధమాడటం రాదు. మానెయ్యండి.”

“మరేం చెయ్యమంటారు? నాకు తెలియనిదే అడగాలంటే నేను ఎక్కాలన్నీ మర్చిపోవాలి. పుస్తకమంతా మర్చిపోవాలి!”

“మర్చిపోకండి సార్, ఉద్యోగం పోతుంది.”

“ఇదిగో, దీనికి మీ ఉద్యోగం బెంగ కూడా పట్టుకుంది.”

“నాలుగూ యాభై అయింది. పది నిమిషాలుంది. ఏదైనా చెప్పండి.”

“వాన గురించి అడగండి మాస్టారూ. గాలి గురించి అడగండి. దంచేస్తుంది.”

“అవి కుదరవు వదినా. పుస్తకంలోదే కావాలి. బయటి సంగతులు లెక్కలోకి రావంటారు మేడమ్ గారు.”

“మేడమ్ గారు అలా అంటారని మీకెలా తెలుసమ్మా?”

“అంటే… పెద్ద మేడమ్ అన్నాక అనరా సార్? అంటారనుకున్నాను.”

“నిజమే, అన్నారు కూడా. పాపా, పోనీ ఇది చెప్పు… అబ్బే, ఇదీ నాకు తెలుసు. ఇది? ఇదీ తెలుసు. ఇంత తెలిసి ఉండటం ఇంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు.”

“సార్…”

“చెప్పండమ్మా.”

“వద్దులెండి.”

“చెప్పవే, నీళ్ళు నములుతావేం?”

“సార్, ఏడెనిమిదులెంతో మీకు తెలుసు.”

“తెలుసు.”

“పిట్టకి తెలుసో లేదో, అది మీకు తెలుసా?”

“… తెలియదు.”

“నిజంగా తెలియదా?”

“నిజంగా తెలియదు. నాలుగు నెలలుగా నా బాధే అది.”

“మరి మీకు తెలియనిది అదే కదా సార్. అదే అడగండి. ఎందుకడుగుతున్నారో దానికి చెప్పి అడగండి.”

“వదిన గారూ, మీ మరదలు భయస్తురాలన్నారు.”

“భయానికీ భయానికీ మధ్యలో అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది లెండి దీనికి.”

“పాపా, ఇలా చూడు. ఏడెనిమిదులెంతో నాకు తెలుసు. నీకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలియకపోతే నేర్పాలి. తెలిస్తే తర్వాతి పాఠానికి పోవాలి. ఎటు తిప్పాలో తెలియక అడుగుతున్నాను. ఎంత?”

“నిజంగా తెలియకే అడుగుతున్నారా సార్?”

“నిజంగా.”

“చెవులు బాగానే ఉన్నాయి. యాభై ఆరు.”

“వచ్చు! పన్నెండు తొమ్ములు? ఆగు, నీకు తెలుసో లేదో నాకు…”

“ప్రతిసారీ చెప్పక్కర్లేదు సార్. తెలిసింది కదా ఇప్పుడు. నూట ఎనిమిది.”

“నిన్నటి రైలు లెక్క?”

“మూడు గంటల ఇరవై నిమిషాలు. పుస్తకం వెనక మూడుంపావు అని ఉంది. అది తప్పు సార్.”

“తప్పా? ఉండు. … ఇందులోంచి ఇది తీసేస్తే… అక్కడ ఇరవై… అరే! తప్పే.”

“మీకు తెలియదా సార్?”

“తెలియదు.”

“నిన్ననే అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా.”

“నిన్న నేను చెప్పించుకోవాలని చూశానమ్మా, అడగలేదు. సోమవారం పొద్దున్నే ముప్ఫై ఆరుమందికీ చెప్తాను, ఎందుకడుగుతున్నానో. ఇంకో సంగతి. ఈ గదిలో ఇంకా నలుగురున్నారు. నేను లేపితే ఒకడు నేల చూస్తాడు, ఒకమ్మాయి పక్కపిల్ల చెవిలో చెప్తుంది, నాకు చెప్పదు. వాళ్ళ ఇళ్ళలో ఎలా అడుగుతారో, ఎలా చెప్తారో నాకేం తెలుసు? వాళ్ళ అమ్మల్ని కూడా పిలవాలి. సంతకాలకి కాదు.”

“పిలవండి మాస్టారూ. మెట్లకి తోడెవరూ లేకపోతే నాకు కబురంపండి. నాకిప్పుడు అదే ఉద్యోగం.”

“ఇదిగోనమ్మా, కాగితం. రెండు ముక్కలు.”

“అయ్యో సార్.”

“నాలుగు ముక్కలు. పాప ఇక్కడే ఉంటుంది. తాళం వేసేలోగా మేడమ్ గారికి జవాబు నేనే చెప్పేస్తాను. కేసైతే నా మీద.”

“ఏమే, ఏడుస్తున్నావా?”

“కొంగు కళ్ళకడ్డం పెట్టుకుంటే కనపడట్లేదా? తెలిసీ అడుగుతావేం వదినా?”

“అమ్మదొంగా! నాకే వేసిందండీ మాస్టారూ.”

“ఇక పద వదినా. ఆలస్యమైతే బస్సు నిండిపోతుంది. పిట్టా, చెప్పులేసుకో. మళ్ళీ వస్తాం సార్.”

“ఒక్క నిమిషమమ్మా. నాకొకటి అంతు చిక్కట్లేదు.”

“సోమవారం మాట్లాడుకుందాం సార్.”

“చిన్న సంగతే. నేను పాప మీద మేడమ్ గారికి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. మార్కులు కూడా ఇంకా ఇవ్వలేదు. ఉన్నట్టుండి ఆ కాగితం నా బల్ల మీదికొచ్చింది. ఎవరు చెప్పారండీ అంటే, ‘మాటిచ్చాను, చెప్పను’ అని నవ్వారావిడ.”

“పెద్దవాళ్ళకి సవాలక్ష ఉంటాయి సార్. వదినా, నడువు.”

“నడుస్తున్నాను కదే, తోస్తావేం? మెట్లున్నాయి!”

“అసలు ఈ పిల్లని కిందికి పంపమని ఎవరడిగి ఉంటారు? నాకు నిజంగా తెలియట్లేదు.”

“పిట్టా, నువ్వు…”

“మా అమ్మ సార్. మొన్న పొద్దున. మీకు చెప్పొద్దని మేడమ్ గారికి దణ్ణం కూడా పెట్టింది.”